ఎండిపోయే కుంట: చిట్టి కప్పల కోసం ఒక వానాకాలం పని డైరీ

మా చెలకకు ఉత్తరం మూల ఒక పల్లం ఉంది. గట్టి వాన పడితే అక్కడ రెండు మూడు రోజులు నీళ్లు నిలిచి ఇంకిపోతాయి. ఆ పల్లాన్ని చిన్న కుంటగా మార్చాలి. వానలు మొదలయ్యాక నెలా నెలన్నర పాటు అందులో నీళ్లు ఆగాలి, వానలు వెనకపట్టాక పూర్తిగా ఎండిపోవాలి. ఈ ఏడాది పెట్టుకున్న పని ఇది. ఇదంతా మైక్రోహైలా ఆర్నేటా అనే బుల్లి కప్ప కోసం.

దీని గొంతు మన పల్లెల్లో అందరూ వినే ఉంటారు, చూసినవాళ్లు మాత్రం తక్కువ. పూర్తిగా పెరిగిన కప్ప రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఐదు రూపాయల బిళ్ల మీద కూర్చోబెడితే దాదాపు సరిపోతుంది. ఒళ్లు నున్నగా మట్టి రంగులో ఉంటుంది. కళ్ల మధ్య సన్నగా మొదలై నడుము వైపు వెడల్పయ్యే ముదురు గోధుమరంగు మచ్చ వీపంతా పరుచుకుని ఉంటుంది. తల చిన్నది, మూతి సన్నం, నోరు ఇరుకు. ఆ నోటికి తగ్గట్టే తిండి: చీమలు, చెదలు, అలాంటి మరీ చిన్న పురుగులు. కాలివేళ్ల మధ్య ఈదడానికి పనికొచ్చే పొర దాదాపు లేనట్టే. అందుకే ఏడాదిలో ఎక్కువ భాగం నేలమీదే గడుపుతుంది, రాలిన ఆకుల కింద, రాళ్ల సందుల్లో, మట్టి నెర్రెల్లో. నీళ్లతో దానికి పని పిల్లల కోసమే.

డ్యుమెరిల్, బిబ్రోన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1841లో మలబారు తీరం నుంచి వచ్చిన నమూనాలు చూసి దీన్ని వర్ణించారు. ఆ తర్వాత చాలాకాలం మన దేశం నుంచి జపాను దాకా ఉన్న ఇలాంటి కప్పలన్నిటికీ ఇదే పేరు వాడారు. 2005లో మత్సుయి, ఆయన తోటి పరిశోధకులు జన్యువులు పోల్చి చూశాక తూర్పు ఆసియా కప్పలు వేరు, ఒకినావా వైపు దీవుల కప్పలు వేరు అని తేలింది. ఆర్నేటా అన్న పేరు దక్షిణాసియా కప్పకే మిగిలింది. ఇది అంతరించిపోతున్న జాతేమీ కాదు. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో ఆందోళన అక్కర్లేని జాతుల్లోనే ఉంది. నా దిగులు మా చెలక గురించి. బండ్ల బాట సిమెంటు రోడ్డయింది. ఎత్తుపల్లాలున్న చేలన్నీ ట్రాక్టరు పెట్టి చదును చేశారు. పశువులు తగ్గాయి, వాటి గిట్టల గుంటలూ తగ్గాయి. ఈ కప్ప గుడ్లు పెట్టే చోట్లు సరిగ్గా అవే.

రోహిణి కార్తె

నేల రాయిలా ఉంది. అయినా తవ్వాల్సింది ఇప్పుడే, మొదటి వాన పడ్డాక ఈ ఎర్ర నేలలో పని ముందుకు సాగదు. పొద్దున్నే గడ్డపారతో కొంత, సాయంత్రం కొంత తవ్వుతున్నాం. నాన్న, నేను, మా అన్న కూతురు. పక్క చేను పెద్దాయన గట్టు మీద నిలబడి చూసి, "ఏంది బిడ్డా, చేపలు పెంచుతవా?" అని అడిగాడు. కప్పల కోసం అని చెబితే కాసేపు ఆలోచించి, "మంచిదే, చెదలు తింటయి" అన్నాడు. ఆయనకు అంతకుమించి చెప్పాల్సిన పని లేకపోయింది.

కొలతలు ఇవి: పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు మూడు. నడిమధ్యన లోతు అడుగే. ఒడ్డు ఎక్కడా నిటారుగా లేకుండా, ఒకవైపు మరీ ఏటవాలుగా తీశాం. తోక కుంచించుకుపోయి బయటికొచ్చే కప్పపిల్ల సెంటీమీటరు కూడా ఉండదు. నిలువు గట్టయితే అది ఎక్కలేదు. పల్చగా నీళ్లు పరుచుకుని, మెల్లగా తడిమట్టిగా మారి, తర్వాత గడ్డిగా మారే ఒడ్డు కావాలి.

ఎర్ర చెలక నేల నీళ్లను ఆపదు. చాలామంది నల్లటి ప్లాస్టిక్ షీటు పరచమన్నారు. వద్దనుకున్నాను. షీటు పరిస్తే నీళ్లు అవసరానికి మించి ఉంటాయి, ఎండకు వేడెక్కుతాయి, ఎండాకాలంలో నేల నెర్రెలివ్వదు. ఆ నెర్రెలు మనకు కావాలి, కప్పలు తలదాచుకునేది వాటిలోనే. అందుకని చెరువులో తీసిన పూడిక మట్టి ట్రాక్టరుతో తెప్పించాం. దాన్ని తడిపి, వరి మడిని దమ్ము చేసినట్టు కాళ్లతో తొక్కి, అడుగున జానెడు మందం పరిచి దిమ్మిసతో కొట్టాం. తొందరగా ఆరి పగలకుండా పైన తడి వరిగడ్డి కప్పాం. ఈ ఎండలో రోజూ రెండుపూటలా దాన్ని తడపడమే పెద్ద పని.

నీళ్లు ఎటునుంచి రావాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. పల్లానికి తూర్పున పత్తి చేను, పడమర బీడు. పత్తి మీద పడ్డ వాన యూరియాను, పురుగుల మందును మోసుకొస్తుంది. గడ్డిమందు మరీ ప్రమాదం. అందులో కలిపే సబ్బులాంటి పదార్థమే తోకకప్పల మొప్పలను దెబ్బతీస్తుంది. అందుకే తూర్పు వైపు మూరెడు ఎత్తు కట్ట వేశాం. పడమర బీడు మీది వాన మాత్రం ఒక పిల్లకాలువ గుండా, మధ్యలో ఒండ్రు ఆగడానికి తీసిన చిన్న గుంత దాటి కుంటలోకి వస్తుంది. కుంట చుట్టూ పది అడుగుల పట్టీలో ఏ మందూ కొట్టకూడదని నాన్నతో ఒప్పందం. ఆ నేల వదులుకోవడం ఆయనకు చిన్న విషయం కాదు. ఒక్క మాట కూడా అనకుండా ఒప్పుకున్నాడు.

మృగశిర మొదట్లో

మొదటి వాన వచ్చింది. సాయంత్రం ఉసిళ్లు లేచాయి. దీపాల చుట్టూ, చెట్ల కింద, ఇంటి గోడల మీద అవే. కప్పలకు ఇంతకన్నా పెద్ద విందు ఏడాదిలో ఉండదు.

కుంటలో బెత్తెడు నీళ్లు చేరి రెండో రోజుకే ఇంకాయి. ఇది అనుకున్నదే, కొత్త మట్టి మొదట తాగుతుంది. తడి ఉండగానే మళ్లీ దిగి తొక్కాం, పడమటి మూల మెత్తగా ఉన్నచోట ఇంకో తట్టెడు మట్టి వేసి దిమ్మిస కొట్టాం. మధ్యలో ఒక కొలకర్ర పాతాం, దాని మీద సెంటీమీటర్ల గీతలు ఉన్నాయి. ఇకనుంచి నీటిమట్టం రాసుకోవచ్చు.

బీడు అంచున ఇంకా మిగిలిన పాత బండ్ల జాడలోంచి ఎండు మట్టి రెండు దోసిళ్లు తెచ్చి కుంటలో చల్లాను. అలాంటి మట్టిలో నాచు బీజాలు, సూక్ష్మజీవులు, నీటి పురుగుల గుడ్లు నిద్రలో ఉంటాయి. తడి తగిలితే లేస్తాయి. కుంటలో తిండి మొదలయ్యేది వాటితోనే. ఇదే చేను మట్టి కాబట్టి తెచ్చాను. వేరే ఊరి చెరువు మట్టో, నీళ్లో తెచ్చి పోయకూడదు. కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ అనే బూజు జాతి తెగులు 1998లో వెలుగులోకి వచ్చింది. ప్రపంచంలో చాలాచోట్ల కప్పలను తుడిచిపెట్టింది. అది నీళ్లతో, తడి మట్టితో, బూట్లతో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది. నేను వేరే నీళ్లలో దిగి వస్తే బూట్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే ఇక్కడ అడుగు పెడుతున్నాను.

ఇదే కారణంతో కప్పలను, గుడ్లను ఎక్కడి నుంచీ తెచ్చి వదలడం లేదు. పాత బండ్ల జాడలో రాత్రి రెండు మూడు గొంతులు వినిపించాయి. అవి ఇక్కడికి రావడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఆరుద్ర

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదంటారు. నిన్న మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా కురిసింది. కొలకర్ర దగ్గర ఇరవై రెండు సెంటీమీటర్ల నీళ్లు.

చీకటి పడ్డాక మొదలైంది. క్ర్‌ర్‌ర్... క్ర్‌ర్‌ర్... గట్టిగా, తెరలు తెరలుగా. అంత చిన్న ఒంట్లోంచి అంత శబ్దం వస్తుందంటే దగ్గర నిలబడి విన్నా నమ్మబుద్ధి కాదు. గొంతు కింద ఉన్న ఒకే ఒక్క సంచీ ఊదుకుని తలకన్నా పెద్దదవుతుంది. టార్చి వెలుగు మీద పడగానే ఆగిపోతాయి, అందుకే టార్చికి ఎర్ర కాగితం చుట్టాం. గడ్డి మొదళ్ల మధ్య, నీటి అంచున, పశువు గిట్ట దిగిన గుంటలో, ఒక్కోటి ఒక్కోచోట కూర్చుని అరుస్తున్నాయి. మా పాప ఒకదాన్ని కనిపెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చిన్నాన్నా, గొంతు దీందేనా?" అని చెవిలో అడిగింది. తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

పద్ధతి ఇలా పెట్టుకున్నాం. చీకటి పడ్డాక గంటకు కుంట పక్కన కదలకుండా కూర్చుని పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయాలి. వేడి, గాలి, వాన ఆగి ఎంతసేపయింది అన్నవి రాసుకోవాలి. ఇంటికొచ్చి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపే పటం, తెరిస్తే ఆర్నేటా పిలుపు దగ్గర దగ్గరగా పేర్చిన నిలువు గీతల గుంపులా కనిపిస్తుంది. ఒక్కో పిలుపులో పల్సులు, అంటే విడివిడి చిన్న చప్పుళ్లు, లెక్కపెట్టవచ్చు. పక్కనే మినర్వేరియా జాతి కప్పలు అరుస్తున్నాయి, వాటి గీతల వరుస వేరుగా ఉంటుంది. చెవికి కలిసిపోయినా తెర మీద విడిపోతాయి.

దీన్ని మిగతా చిన్న కప్పలతో పొరబడకుండా చూడాలి. మినర్వేరియా వీపు మీద పొడుగు మడతలు ఉంటాయి, నోరు వెడల్పు. మైక్రోహైలా రూబ్రా అని దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. అది ఎర్రగా, కాస్త బొద్దుగా ఉండి, మడమ దగ్గరి పలుగులాంటి గట్టి బొడిపెలతో ఇసుకనేలలో తవ్వుకుంటుంది. మా కుంటలో ఇప్పటికి చూసినవన్నీ ఆర్నేటాలే. వీపు, పక్క, కాలు కనిపించేలా ఫొటోలు తీసి, రికార్డింగుతో కలిపి, జీవుల పరిశీలనలు పంచుకునే వెబ్‌సైట్లయిన ఐనాచురలిస్ట్‌లో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెడుతున్నాను. ఇలాంటి మామూలు ఫొటోలకు, రికార్డింగులకు విలువ లేదనుకోవద్దు. కర్ణాటకలో మణిపాల్ చుట్టుపక్కల రాతినేలల మీద ఔత్సాహికులు చేసిన పరిశీలనల్లోంచే మైక్రోహైలా లాటరైట్ అనే కొత్త జాతి బయటపడి 2016లో ప్రచురితమైంది. అది సుమారు 1.6 సెంటీమీటర్లే ఉంటుంది. ఊరి పక్కనే, అందరూ నడిచే రాళ్ల మీదే అది ఉంది.

మర్నాడు పొద్దున. గుడ్లు! నీటి మీద ఒకే పొరగా తేలుతున్నాయి. గాజుపూసల్లో నల్ల చుక్కల్లా, పల్చటి తెట్టు కట్టినట్టు, గడ్డిపోచలను ఆనుకుని ఉన్నాయి. తెలియనివాళ్లు చూస్తే మురికి అనుకుని చేత్తో పక్కకు తోసేస్తారు. పైపొరలో తేలడం వల్ల వీటికి గాలి బాగా అందుతుంది. వేడిగా, లోతు తక్కువగా ఉండే ఇలాంటి నీళ్లలో కింద మునిగితే ప్రాణవాయువు చాలదు.

దాదాపు ఒక రోజులోనే పిల్లలు బయటపడ్డాయి. ఇంత తొందర ఎందుకో ఈ కుంట పక్కన కూర్చుంటే అర్థమవుతుంది. నీళ్లు ఎన్నాళ్లు ఉంటాయో ఎవరికీ తెలియదు.

ఆరుద్ర చివర

తోకకప్పలు ఇప్పుడు కనిపిస్తున్నాయి, కనిపిస్తున్నాయి అనడం కూడా ఎక్కువే. ఒళ్లు అద్దంలా పారదర్శకం. పైనుంచి చూస్తే రెండు నల్ల కళ్లు, మధ్యలో చుట్టచుట్టుకున్న పేగు, అంతే. కళ్లు తల పక్కలకు ఉంటాయి. తోక కొస సన్నటి దారంలా ముగుస్తుంది. మిగతా కప్పల్లో చాలావాటి పిల్లలు అడుగున మట్టిని, నాచును గీకి తింటాయి. వాటికి గట్టి దవడలు ఉంటాయి. వీటికి అవి లేవు. నీటి పైపొరకు కాస్త కింద, తల పైకెత్తి ఏటవాలుగా వేలాడుతూ, నీళ్లు మింగి అందులో తేలే సూక్ష్మమైన నాచును వడగట్టుకుంటాయి. అందుకే కుంట నీళ్లు కాస్త పచ్చగా ఉండాలి. తేటగా మెరిసే నీళ్లలో వీటికి ఆకలే.

నీటిలో నానడానికి మామిడాకులు, మోదుగాకులు కొన్ని వేశాను. వేపాకు, కానుగాకు నీళ్లలో పడకుండా చూస్తున్నాం, రెండింటికీ పురుగులను ఆపే గుణం ఉంది. ఒడ్డు మీద నేలపై పడితే పట్టించుకోవడం లేదు. బర్రెలు దిగి పొర్లితే నీళ్లు బురదై ఈ పిల్లలు వడగట్టుకోలేవు. చుట్టూ తుమ్మకంప వేసి, కింద జానెడు సందు వదిలాం. కప్పలు, ఉడతలు, ముంగిసలు దూరి రావచ్చు.

నీళ్లలో ఎరువు కలిసిందేమో తెలిపే నైట్రేటు పట్టీ ముంచి చూశాను, రంగు మారలేదు. తూర్పు కట్ట పని చేస్తోంది.

పునర్వసు

వాన మొహం చాటేసింది. మట్టం రోజుకు సెంటీమీటరు పైనే తగ్గుతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. బోరు నీళ్లు వదిలేద్దామని నాన్న రెండుసార్లు అన్నాడు. నేను ఆగుతున్నాను. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, పైగా ఒక్కసారిగా చల్లటి నీళ్లు పడితే పిల్లలకు దెబ్బ. మట్టం ఎనిమిది సెంటీమీటర్లకు దిగితే ఇంటి కప్పు మీది వాననీళ్లు పట్టిన డ్రమ్ములు ఉన్నాయి, వాటితో కొంచెం కొంచెంగా పోయాలని నిర్ణయించాం.

ఈ మధ్యలో ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఒకామె వచ్చింది. "నిలవ నీళ్లు కదన్నా, దోమలు పెరగవా? గంబూసియా చేపలు తెచ్చి వేయమంటారా?" అని అడిగింది. ఆమె అడగడం సరైనదే. వేడి నీళ్లలో దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు, కుంట తవ్వినవాడు దానికి జవాబు చెప్పాలి. తెల్ల గరిటెతో ఒడ్డు పొడవునా నీళ్లు తీసి ఆమెకు చూపించాను. మొదటి వారం లార్వాలు, అంటే నీళ్లలో ఉండే దోమ పిల్లలు, ఉన్నాయి. తర్వాత వెల్లకిలా ఈదే పురుగులు, నీటి పెంకుపురుగులు ఎగురుకుంటూ వచ్చి చేరాయి, తూనీగలు గుడ్లు పెట్టాయి. ఇవన్నీ దోమ లార్వాలను తింటాయి. ఇప్పుడు గరిటెలో ఒకటీ అరా తప్ప లేవు. వారానికి రెండుసార్లు చూస్తున్నాను, పెరిగితే వలతో తోడేస్తాను.

గంబూసియా మాత్రం వద్దన్నాను. దోమల కోసం 1928లో మన దేశానికి తెచ్చిన చేప అది. దోమ లార్వాతో ఆగదు, కప్ప గుడ్లనూ పిల్లలనూ తింటుంది. ఒక్క చేప చాలు, ఈ కుంట పని అయిపోయినట్టే. దోమల కోసం నూనె చల్లడం కూడా ఇక్కడ కుదరదు. గుడ్లు తేలేది పైపొరలో, పిల్లలు తినేది పైపొరలో. ఆమె ఓపిగ్గా విని, వచ్చే వారం మళ్లీ చూస్తానంది. రమ్మన్నాను.

తూనీగ పిల్లలు తోకకప్పలనూ తింటాయి. రోజూ కొన్ని పోతున్నాయి. ఇక ఆరుద్ర వానకు బోదురు కప్పలు కూడా వచ్చి వెళ్లినట్టున్నాయి. పసుపు రంగు తిరిగిన మగవి పక్క గుంతలో అరుస్తుండగా చూశాం. వాటి పిల్లలు కొన్ని మా కుంటలో ఉన్నాయి. అవి మాంసాహారులు, తోటి తోకకప్పలనే కొరికి తింటాయి. వాటిని ఏరి పారేయాలా అని పాప అడిగింది. వద్దన్నాను. బోదురు కప్పకూ ఈ నీళ్ల మీద హక్కు ఉంది. ఒకప్పుడు దాని కాళ్లు టన్నుల లెక్కన విదేశాలకు పోయేవి, 1987లో ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. ఏ కప్ప బతకాలో ఎంచడానికి ఈ కుంట తవ్వలేదు. ఆర్నేటా వందల గుడ్లు పెట్టేది ఈ నష్టాన్ని తట్టుకోవడానికే. పిల్లలు దాక్కోవడానికి తుంగ మొక్కలు ఇంకొన్ని నాటాను, అంతవరకే.

పుష్యమి

ముసురు పట్టింది. మట్టం మళ్లీ ఇరవై దాటింది. డ్రమ్ములు వాడాల్సిన అవసరం రాలేదు.

వెనక కాళ్లు వచ్చిన పిల్లలు కనిపిస్తున్నాయి. ఒళ్లు పారదర్శకత పోయి గోధుమరంగు తిరుగుతోంది.

రెండు మూడు రోజుల తర్వాత ఏటవాలు ఒడ్డు మీద మొదటి కప్పపిల్ల. ఇంకా తోక ముక్క ఉంది. నా చిటికెన వేలి గోరు మీద పట్టేంత. వీపు మీద ఆ మచ్చ అప్పుడే ఉంది, పెద్దదాని మీద ఉన్నట్టే, అంత చిన్న కొలతలో. ఆ సాయంత్రానికి ఒడ్డంతా అవే. ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక కంప బయటే నిలబడ్డాం. గుడ్డు నుంచి ఇక్కడికి నెల అటూ ఇటూగా పట్టింది.

పాప ప్రశ్న: ప్రపంచంలో ఇంతకన్నా చిన్న కప్పలు ఉన్నాయా? ఉన్నాయి. పాపువా న్యూ గినీలో పీడోఫ్రైన్ అమావెన్సిస్ పెద్దయ్యాక కూడా సగటున 7.7 మిల్లీమీటర్లే, 2012లో దాన్ని వర్ణించారు. బ్రెజిల్‌లో బ్రాకిసెఫాలస్ ప్యూలెక్స్ ఇంకా చిన్నది. 2024లో ప్రచురించిన కొలతల్లో ఒక మగది 6.45 మిల్లీమీటర్లు తేలింది. అంటే మా ఒడ్డు మీది పసికూనల కన్నా చిన్నవి, అదీ పెద్దయ్యాక. వాటికి తోకకప్ప దశే లేదు. తడి ఆకుల కింద పెట్టిన గుడ్డులోంచి నేరుగా కప్పపిల్ల బయటికి వస్తుంది. ఏడాదంతా నేల తడిగా ఉండే అడవుల్లో అది సాగుతుంది. మా చెలక అలాంటిది కాదు. ఇక్కడ తడి కొన్నాళ్లే ఉంటుంది, ఆ కొన్నాళ్లలోనే ఈదే బతుకు ముగించుకుని నేల మీదికి రావాలి. ఆర్నేటా ఒళ్లు, దాని గుడ్డు, దాని తొందర అన్నీ ఈ నేల వానలకు తగ్గట్టు అమరాయి.

ఆశ్లేష, మఖ

ఇంకో పెద్ద వాన తర్వాత మళ్లీ పిలుపులు, మళ్లీ గుడ్లు. ఈసారి గొంతులు ఎక్కువ, రికార్డింగులో ఒకదానిమీద ఒకటి పడి లెక్క తేలడం లేదు. కొంగ ఒకటి రోజూ వస్తోంది. నీరుకట్టె పాము ఒకసారి కనిపించింది.

ఆరోగ్య కార్యకర్త వచ్చి గరిటెతో తనే చూసుకుంది. లార్వా కనిపించలేదు.

ఉత్తర నుంచి హస్త దాకా

నీళ్లు తగ్గుతున్నాయి. మట్టం అరచేతి లోతుకు దిగాక రెండో విడత పిల్లల్లో చివరివి కూడా ఒడ్డెక్కాయి. ఆ తర్వాత మిగిలింది తూనీగ పిల్లలు, పెంకుపురుగులు. కొంగ వాటిని ఏరుకుంది. హస్తలో అడుగు బయటపడింది.

ఇంత కష్టపడి నీళ్లు ఆపి, ఎండిపోతుంటే ఊరుకున్నావేమని చాలామంది అడిగారు. ఏడాదంతా నీళ్లుంటే చేపలు ఎలాగోలా చేరతాయి, ఎవరో ఒకరు తెచ్చి వేస్తారు కూడా. తూనీగ పిల్లల్లో కొన్ని జాతులు నెలల తరబడి పెరిగి పెద్దవవుతాయి. వచ్చే ఆరుద్రకు గుడ్లు పడేసరికి తినేవాళ్లు ముందే సిద్ధంగా ఉంటారు. ఎండితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొత్త నీళ్లలో నాచు ముందు లేస్తుంది, కప్ప ముందు వస్తుంది, వేటాడేవి కాస్త వెనకగా వస్తాయి. ఆ నాలుగు రోజుల తేడాలోనే ఆర్నేటా పిల్లలు నిలదొక్కుకుంటాయి.

ఇప్పుడు చూడాల్సింది నేల. మీటరు చదరం కర్రల చట్రం చేసి, మందు కొట్టని పట్టీలో కొన్నిచోట్ల, పత్తి సాళ్ల మధ్య కొన్నిచోట్ల పెట్టి, ఆకులు ఒక్కొక్కటిగా ఎత్తి చూశాం. పట్టీలో కానుగాకులు బెత్తెడు మందం పేరుకుని కింద చల్లగా ఉంది. చీమలు, చెదల మట్టి, సాలీళ్లు, గోరంత కప్పపిల్లలు. ఎత్తిన ఆకులను అలాగే తిరిగి పరిచాం. పత్తి సాళ్లలో మట్టి తప్ప ఏమీ లేదు. ఎండిన కుంట అడుగు నెర్రెలిచ్చింది. వేలెడు లోతున్న ఒక పగులులోకి టార్చి వేస్తే పెద్ద ఆర్నేటా ఒకటి లోపలికి జరిగింది. నీళ్లు ఉన్నప్పుడు పిల్లలు పెరిగిన చోటే, ఎండాక పెద్దవాటికి గూడయింది.

నీళ్ల కోసం పడ్డ శ్రమలో సగం కూడా ఈ ఆకుల పట్టీ కోసం పడలేదు, దానంతట అది తయారైంది. కానీ ఏడాదిలో పది నెలలు కప్ప బతికేది దాని మీదే. అందుకే రాబోయే పని అంతా అటువైపు మళ్లిస్తున్నాను. చలికాలంలో ఆకులు ఊడ్చి తగలబెట్టకుండా పట్టీలోకి చేర్చాలి. మొద్దులు, రాళ్లు అక్కడక్కడా పరచాలి. పట్టీని బీడు దాకా ఇంకో పది అడుగులు పెంచడానికి నాన్నను అడిగాను. పత్తి తీతలు అయ్యాక చెబుతానన్నాడు. పడమటి మూల మట్టి మళ్లీ మెత్తబడింది, వచ్చే రోహిణిలో అక్కడ పూడిక మట్టి ఇంకో పొర వేసి దిమ్మిస కొట్టాలి. పునర్వసులో లాగా వాన ఆగితే తట్టుకోవడానికి, కుంట నడిమధ్య చేటంత మేర ఇంకో బెత్తెడు లోతు చేయాలని ఉంది. మిగతా కుంట ఎండినా చివరి పిల్లలకు అక్కడ వారం రోజుల నీళ్లు ఉంటాయి. పక్క చేను పెద్దాయన తన గట్టు పక్కన కూడా ఒక పల్లం ఉందని, కావాలంటే చూసుకొమ్మని చెప్పాడు. మొదటి వానకు అక్కడ నీళ్లు ఎన్నాళ్లు ఆగుతాయో కొలకర్ర పాతి చూడాలి.